ఎర్ర తీగకు ముడి

"జీతం అక్కర్లేదు బాబూ. రైళ్ల దగ్గర కూర్చోనిస్తే చాలు."

బొమ్మ రైళ్ల షాపు ఓనరుకు ఆ మాట నచ్చింది. పెద్దాయనకు కిటికీ పక్కన బల్ల చూపించాడు.

పని చిన్నదే. బొమ్మ ఇంజను కడుపులో గోరంత డీకోడరు అమర్చాలి. మీట నొక్కగానే పట్టాల మీదుగా వచ్చే ఆదేశం అందుకుని దీపాలు వెలిగించేది అదే. దాని ఎర్ర తీగ పట్టాల కరెంటుకు కలపాలి. ఆకుపచ్చ తీగ డ్రైవరు గదిలోని బుల్లి దీపానికి. తారుమారైతే డీకోడరు మాడిపోతుంది.

కొత్త డీకోడర్లను పెద్దాయన సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లేవాడు. పొద్దున తెచ్చేసరికి ప్రతిదానికీ ఒక తీగ మీద చిన్న ముడి ఉండేది.

"ఏంటి పెద్దాయనా, తీగలకు జడలేస్తున్నారా?"

"అలవాటు బాబూ," అని నవ్వేసేవాడు.

ముడులాయన అని పేరు పడింది.

ఒకరోజు పాత ఖాతాదారు తన ఇంజను కోసం వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన ఇంకా రాలేదు. ఓనరు బల్ల మీది డీకోడరు తీశాడు. చూడ్డానికి బాగాలేదని ముడి విప్పేశాడు. అంతలోనే, ముసలాయన నొచ్చుకుంటాడేమో అనిపించి చేతికందిన తీగకు మళ్లీ ముడి వేసి పెట్టేశాడు.

పెద్దాయన వచ్చాడు. ముడిని వేలితో తడిమి చూసుకుని తీగలు అతికించాడు.

ఇంజను పట్టాలెక్కగానే పొగ.

"ఎరుపేదో పచ్చేదో తెలీదా? కళ్లు ఇంట్లో పెట్టొచ్చారా?" ఓనరు ఖాతాదారు ముందే అరిచాడు.

పెద్దాయన ముఖం పాలిపోయింది.

"బొమ్మ బండి కాబట్టి సరిపోయింది," అన్నాడు మెల్లగా. "ఇక నేను రాను బాబూ."

షాపు పట్టకారు ఆయన జేబులోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు పెద్దాయన భార్య ఆ పట్టకారు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇచ్చెయ్యమని ఆఖరి రోజు కూడా గుర్తు చేశారు."

ఓనరు లేచి నిలబడ్డాడు.

"గుండె ఆగింది బాబూ. మీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చా. ఆ రోజు తప్పు ఆయనది కాదు, నాది. ఎర్ర తీగ చూసి ముడి వేసేది నేనే. ఆయనకు ఎరుపూ పచ్చా ఒక్కలాగే కనిపించేవి. నా చెయ్యే తప్పిందంటే వినలేదు. నేనే సరిగ్గా తడమలేదు అంటూనే పోయారు."



"మీ చెయ్యి తప్పలేదమ్మా. ఆయన చెయ్యీ తప్పలేదు. ముడి విప్పి పచ్చ తీగకు వేసింది నేను."

ఆవిడ పట్టకారును కొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"ఈ మాట ఆయన వినుంటే బాగుండేది."

"రంగులు తెలీవని నాతో అంటే ఏం పోయేదమ్మా?"

"ఒకసారి అన్నందుకే రైళ్లకు దూరమయ్యారు బాబూ. మళ్లీ అంటే ఈ బొమ్మ రైళ్లు కూడా పోతాయని భయం."

ఒక్క సిగ్నలూ తప్పకముందే, ఎవరూ అడగకముందే, ఇక తన కళ్లను నమ్మొద్దని తానే పైవాళ్లకు చెప్పి, వెనక వెయ్యిమంది ఆదమరిచి నిద్రపోయే రైలును విడిచి దిగిపోయిన ఇంజను డ్రైవరు ఆయన.