పసుపు స్వెట్టర్

కాకినాడలో మేజిక్ షోకి మా మరిది సుదర్శనం బలవంతంగా తీసుకెళ్లాడు. ఇంద్రజాలికుడు ఏదైనా వస్తువు పైకెత్తి చిటికె వేస్తే, అది ఊరందరూ పెట్టుకునే కంప్యూటర్ కళ్లద్దాల్లోంచీ శాశ్వతంగా చెరిగిపోతుంది. అద్దాలు లేకుండా తిరిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు కనుక, ఆ వస్తువు ఇక లేనట్టే.

సుదర్శనం సంచిలోంచి మా హంసిని పసుపు స్వెట్టర్ తీసి వేదిక మీదికి అందించాడు. మా అమ్మాయి పోయి ఎనిమిది నెలలు.

"ఎవర్నడిగి తెచ్చావు?"

"అది కళ్లెదురుగా ఉంటే నువ్వు తేరుకోవు వదినా. బళ్లో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నావంట. గొడవెట్టకు, అందరూ చూస్తన్నారు."

"చూడనీ."

ఇంద్రజాలికుడు చిటికె వేశాడు. స్వెట్టర్ కనబడలేదు. చప్పట్లు మోగాయి. నేను అద్దాలు తీసి సుదర్శనం ఒళ్లో పడేసి వేదిక ఎక్కాను. స్వెట్టర్ ఆ మనిషి ఎడమచేతిలోనే వేలాడుతోంది.

"మేడమ్, షో పాడుచేయకండి," అన్నాడతను గొంతు తగ్గించి.

"ఇటివ్వండి."

ఇవ్వలేదు. లాక్కుని మెట్లు దిగాను.

"ఒట్టి గాలిని ఎలా వాటేసుకుందో చూడండ్రా! ఈవిడ కూడా మేజిక్ వాళ్ల మనిషే!" అని ముందువరసలో ఒకాయన అరిచాడు. హాలంతా నవ్వింది.

స్వెట్టర్ చేతులు రెండూ నా మెడచుట్టూ వేసుకుని బయటికి నడిచాను.