పగటి డ్యూటీ

“ఎవరో ఉప్పందించారు. లేకపోతే సోమవారం మనం చెయ్యబోయేది ఇవాళే పైవాళ్ళకెలా తెలుస్తుంది?”

నర్సులు బట్టలు మార్చుకునే గదిలో ఆ మాటంటూనే మిరపకాయ తన అలమర ఖాళీ చేస్తోంది. నోటి దురుసు చూసి తోటివాళ్ళు పెట్టిన పేరది. చెప్పులు, దువ్వెన, కొడుకు గీసిచ్చిన బొమ్మ, అన్నీ సంచిలో కుక్కుతోంది. ఆమె ఏదో దొంగతనం చేసినట్టు తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు కాపలా నిలబడ్డాడు.

ఆపరేషన్ వార్డులో ఒక ముసలాయన మంచం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకోవడంతో మొదలైంది గొడవ. ఆ పూట వార్డు మొత్తానికీ ఒక్కతే నర్సు, అదీ అప్పటికే ఒక డ్యూటీ చేసి దిగిన మనిషి. ఇంకొకర్ని ఇవ్వమని ఎంత మొత్తుకున్నా వినని అడ్మినిస్ట్రేటర్, తప్పంతా ఆమె మీదకే తోసేశాడు. “చేతకాకపోతే ఇంట్లో అంట్లు తోముకోండి,” అన్నాడు మీటింగులో, అందరి ముందూ. ఆ రోజే మిరపకాయ నర్సులందర్నీ కూడగట్టింది. సోమవారం నుంచి డ్యూటీ మీద డ్యూటీ వేస్తే ఎవ్వరూ ఎక్కకూడదనుకున్నారు. ఈ ఉదయం ఆమెను పైకి పిలిచి, ఇక రానక్కర్లేదన్నారు.

“ఇంకెవరు? ఇన్‌ఛార్జే!” పళ్ళు కొరికింది పొడుగమ్మాయి. “ఆవిడ మరిది పనిచేసేది అడ్మినిస్ట్రేటర్ ఆఫీసులోనేగా.”

ఆ మాట పూర్తికాకుండానే వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ లోపలికొచ్చింది. మిరపకాయ తన యూనిఫాం తీసి ఆమె కాళ్ళ ముందుకు విసిరికొట్టింది.

“పట్టుకెళ్ళి మీ మరిదికివ్వండి. చల్లబడతాడు.”

“నాకేం తెలీదమ్మా. నా పిల్లల మీద ఒట్టు.”

“ఛీ! పిల్లల్నెందుకు లాగుతారు మధ్యలో?”

అంతవరకూ గోడకి జారబడి ఉన్న పెద్దక్క ముందుకొచ్చింది. ఆ వార్డులో అందరికన్నా పాతమనిషి. కష్టమొస్తే అందరూ చెప్పుకునేది ఆమెకే.

“చాలు, ఆపండే. కళ్ళతో చూడకుండా ఒకరి మీద నింద వెయ్యకూడదు.”

ఇన్‌ఛార్జి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. “నీది మరీ మెత్తటి మనసక్కా,” అంటూ మిరపకాయ పెద్దక్క భుజం మీద వాలిపోయింది. అంత గయ్యాళీ వెక్కివెక్కి ఏడ్చింది.

“ఉద్యోగం పోయినందుక్కాదక్కా. సొంత మనుషులనుకుని చెప్పుకున్నానే, అదీ నా ఏడుపు.”

పెద్దక్క ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. గార్డు “ఇక పదండి” అని గద్దించాకే మిరపకాయ ఆమెను వదిలి సంచి భుజాన వేసుకుంది.

గదిలో పెద్దక్కా, పొడుగమ్మాయీ, కళ్ళజోడు పిల్లా మిగిలారు.

“ఇప్పుడేం చేస్తారే? వదిలేసినట్టేనా?” అడిగింది పెద్దక్క.

“వదలడమా!” అంది కళ్ళజోడు, పొడుగమ్మాయిని చూపిస్తూ గొంతు తగ్గించి. “సోమవారం నేనూ ఇదీ ముందుంటాం. మిగతావాళ్ళు మా వెనకే వస్తారు. ఈ సంగతి నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.”

“నువ్వు మాత్రం ఇందులోకి దిగకక్కా,” అంది పొడుగమ్మాయి. “ఎన్ని తిప్పలు పడితే వేశారు నీకీ పగటి డ్యూటీ! అది పీకేస్తే మంచాన పడ్డ బావగార్ని రాత్రిళ్ళు ఎవరు చూస్తారు?”

పెద్దక్క కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

“నేను పైకెళ్ళొస్తాను,” అంది.

“అక్కా! ఆ మనిషి నోరు మంచిది కాదు. మాకోసం నువ్వెందుకు మాటలు పడ్డం?”

“వెళ్ళక తప్పదే.”

పొడుగమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని లిఫ్టుదాకా వచ్చింది.

అడ్మినిస్ట్రేటర్ కూర్చోమనలేదు. ఫోన్లోంచి తలెత్తకుండా “ఊఁ?” అన్నాడు.

“ఆ అమ్మాయికి చిన్న పిల్లాడున్నాడు సార్. పంపించేస్తారనుకోలేదు.”

“ఎవర్ని ఉంచాలో మీరు చెప్తారా నాకు? అందుకేనా వచ్చింది?”

పెద్దక్కకి ఒక్కక్షణం వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళలేదు. తలుపు దగ్గరగా మూసి వచ్చి, బల్ల ముందు నిలబడింది.

“ఈసారి ముందుండేది ఇద్దరు సార్,” అంది.