గ్యారంటీ లైను

“ఇంటి కనెక్షన్ మీద ఆఫీసు నడిపిస్తే గిట్లనే ఉంటది మేడం,” అన్నాడు ఇంటర్నెట్ కంపెనీ వేణు, మూలనున్న రూటర్ వైపు జాలిగా చూస్తూ.

ప్రవీణకు ఒళ్లు మండింది. పొద్దున మీటింగులో మూడుసార్లు నెట్ పోయింది. మధ్యాహ్నం మూడింటి కాల్‌లో ఇంకొక్కసారి పోతే, సోమవారం నుంచి రోజూ హైటెక్ సిటీ ఆఫీసుకు రావాల్సిందేనని మేనేజర్ తేల్చి చెప్పేశాడు. ఇంట్లో ఎనిమిది నెలల పాప. చూసుకునేందుకు ఇంకెవరూ లేరు.

“రెండిటికీ తేడా ఏంటండీ? వచ్చేది అదే నెట్ కదా?”

“ఇంటి లైన్ గల్లీ మొత్తం పంచుకుంటది. అందరూ సినిమాలు పెట్టిండ్రంటే మీ మీటింగ్ ఆగుతది. బిజినెస్ లైన్ మీ ఒక్కరిదే. డౌన్‌లోడ్ ఎంతనో అప్‌లోడ్ అంతే. ఒకవేళ పోయినా నాలుగు గంటల్ల మా మనిషి వచ్చి బాగుచేస్తడు. రాసిస్తం.”

“రేటు కూడా మూడింతలు కదండీ.”

“ఫికర్ ఉండదు కద మేడం.”

ప్రవీణ సరేనంది. ఎందుకైనా మంచిదని పాతదీ ఉంచమంది.

వేణు బాల్కనీలోంచి వీధిలోని కరెంటు స్తంభం దాకా కొత్త తీగ లాగాడు. పాత తీగ కూడా ఆ స్తంభం మీంచే వస్తోంది. దాని చుట్టూ ఇంకో వంద తీగలు చింపిరి జుట్టులా వేలాడుతున్నాయి.

“వాటికి తోడు ఇంకోటా? మొన్న చిక్కుకుని స్కూటీ మీంచి పడబోయాను. ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకునే నాథుడే లేడు.”

“జర వంగి పోవాలె మేడం,” అన్నాడు వేణు.

మూడింటికి కాల్ మొదలైంది. ఎక్కడా చిన్న తడబాటు లేదు. మేనేజర్ కూడా బాగుందన్నాడు. ప్రవీణ ప్రాణం కుదుటపడింది.

మూడూ పదికి తెర మీద మొహాలన్నీ బిగుసుకుపోయాయి. పాత లైన్‌కి మార్చింది. అదీ లేదు. ఫోన్ సిగ్నల్ ఆ ఇంట్లో ఏనాడూ ఒక గీత దాటలేదు.

బాల్కనీలోంచి తొంగిచూసింది. ఎవరో నిచ్చెన వేసుకుని స్తంభం మీది తీగలన్నీ కత్తిరించి పడేస్తున్నారు. పాపను ఎత్తుకుని మూడంతస్తులు పరుగున దిగింది.

“ఆపండి. ఎవరు కొయ్యమన్నారండీ మిమ్మల్ని? నా ఉద్యోగం పోయేలా ఉంది.”

కింద నిచ్చెన పట్టుకున్న పెద్దాయన తాపీగా ఫోన్ తీశాడు.

“మాకేం సరదానా అమ్మా? మా కరెంటాఫీసుకు కంప్లైంట్ వచ్చింది. ఒకటి గాదు, నాలుగుసార్లు, ఫోటోలతోని. ఇగో, ఫ్లాట్ మూడొందల రెండు, ప్రవీణ మేడమంట. మీ బిల్డింగే కద, పని అయిపోయిందని జర చెప్పుండ్రి.”