మారిన ముక్కలు

మూడో కడుపూ నిలవలేదు. ల్యాబులో రోజూ జనం క్రోమోజోముల్ని జతలుగా పేర్చే నాకు, ఈసారి మావారి రిపోర్టే చేతికొచ్చింది. నాలుగో క్రోమోజోము ముక్క ఎనిమిదో దానికి, ఎనిమిదో దాని ముక్క నాలుగో దానికి అతుక్కున్నాయి. ఏదీ తగ్గలేదు గనక ఆయన నిక్షేపంగా ఉన్నారు. బిడ్డకు పంచేటప్పుడే లెక్క తప్పుతోంది.

ఇంటికి రాగానే అత్తయ్య నా తల నిమిరింది.

"బెంగపడకు తల్లీ. నాకూ నాలుగు కడుపులు పోయాకే మీ ఆయన దక్కాడు. ఏ పాపం చేశానోనని ముప్పై ఏళ్లుగా కుమిలిపోతున్నా. నీకా గతి వద్దు. పరీక్షకి కావాలంటే నా రక్తం కూడా తీసుకో."

చెయ్యి చాచింది.

"అక్కర్లేదు అత్తయ్యా," అంటూ ఆ చేతిని పట్టుకున్నాను.

నా సంచిలోని రిపోర్టు అడుగున డాక్టరు రాశారు: "ఇది ఎవరి నుంచి వచ్చిందో తేలాలి. ముందు ఆయన తల్లి రక్తం పంపండి."