ఆశాజనకంగా ఉంది

"మళ్ళీ మీరేనా అండీ?"

కిటికీ అవతలి నుంచి గుమాస్తా బేబీ నవ్వుతూనే అడిగింది. శాంతికుమార్‌కి మాత్రం ఒళ్ళు మండింది. పొద్దున్నే భీమవరంలో బస్సెక్కి, రాజమండ్రిలో దిగి, ఆటోవాడితో బేరమాడి, ఈ పరిశోధన నిధి ఆఫీసు చేరేసరికి ఎప్పుడూ ఇదే పలకరింపు. కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పుకునే మనిషి. ఉన్న సెలవులన్నీ ఈ గుమ్మానికే ధారపోశాడు.

"నా ఫైలు ఏమైందండీ?"

"మీ కేసుకి పోర్టల్లో ఆప్షన్ లేదండి. ఎక్కడ నొక్కినా ఎర్రగా వస్తోంది. కమిటీలో పెట్టాలి."

"ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"ఒక మెంబరు గారు రిటైరైపోయారండి. ఇంకొకాయన వాళ్ళమ్మాయి పెళ్ళి పనుల్లో ఉన్నారు. మూడో ఆయన ఖాళీయే గానీ, ఒక్కరే కూర్చుంటే కమిటీ ఎలా అవుతుందండీ?"

శాంతికుమార్ వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు.

అతని ప్రాజెక్టు చెప్పుకోవడానికి తేలికే. రొయ్యలకి వైట్ గట్ అని ఒక మాయరోగం ఉంది. అది సోకితే పేగు తెల్లబడి, మేత మానేసి, చెరువు చెరువంతా తుడిచిపెట్టుకుపోతుంది. కానుగాకు రసం మేతలో కలిపి పెడితే ఆ రోగం ఆగుతుందేమోనని శాంతికుమార్ ఆలోచన. ముందు కాలేజీ తొట్టెల్లో చూడాలి, ఆ తరవాత రైతుల చెరువుల్లో పెట్టాలి. తొట్టెల పని అయిపోయింది. వాటిలో చూసింది చూశాక అతనికి నిద్ర పట్టడం లేదు. వేసవి పంటకి చెరువుల్లో రొయ్యపిల్ల వదిలేలోపు ఈ ఆఫీసు సంగతి తేల్చాలి. తేల్చకపోతే మునిగేది ఆఫీసు కాదు, సురేంద్ర లాంటి వాళ్ళు.

అనుకుంటూ ఉండగానే ఆ సురేంద్ర దగ్గర్నుంచే ఫోను. లీజు చెరువు మీద బతుకుతున్న రైతు. వరసగా రెండు పంటలు పోగొట్టుకున్నాడు. ఇదీ పోతే చెరువు గట్టు దిగి కూలికి వెళ్ళాల్సిందే.

"మాస్టారూ, పిల్లకి అడ్వాన్సు ఇచ్చేశానండి. మీ ప్రిన్సిపాల్ గారు మందు పెట్టే చెరువుల్లో మాది కూడా రాసుకున్నారు. ఆఫీసువాళ్ళు ఆపితే తప్ప పెట్టడం ఖాయమన్నారు. మీ మందు ఎప్పుడొస్తుందండీ?"

"ఆఫీసులోనే ఉన్నానండి. ఇక్కడ తేలేదాకా నా మందు మీద ఆశ పెట్టుకోకండి."

"మీరు మరీనండీ! అంత చదువుకున్న మీరే భయపడితే మేమేమైపోవాలి? మా ఆవిడైతే మీ పేరు చెప్పి దేవుడికి దండం పెట్టుకుంటోందండి."

శాంతికుమార్ ఏదో సర్దిచెప్పి ఫోను కట్టేసి, తిన్నగా సూపరింటెండెంటు రాజరత్నం గదిలోకి వెళ్ళాడు.

రాజరత్నం మంచివాడే. వచ్చినవాళ్ళకి కాఫీ తెప్పిస్తాడు, ఫ్యాను వాళ్ళవైపు తిప్పుతాడు. పని ఒక్కటే చెయ్యడు.

"మీ రిపోర్టు చదివానండి మాస్టారూ. అన్నీ నిజాలే రాసేశారేంటండీ?"

"మరేం రాయమంటారు?"

"ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి అని ఒక్క ముక్క రాయండి. ఇంక కమిటీతో పనేముంది? ఫైలు దానంతటదే నడిచిపోతుంది. అందరూ రాసేది అదేనండి. ఈ బీరువాలో ఆశాజనకంగా లేని ఫైలు ఇంకొకటి చూపించండి, మీసం తీయించేసుకుంటాను."

"రాజరత్నం గారూ, కొత్త సంగతి వెతకడమంటే, దొరుకుతుందో లేదో ముందే ఎవరికీ తెలియదండి. దొరికిందని రాసినవాడికే మీరు ముద్ర వేస్తామంటే, ఇంక వెతకడం దేనికి?"

"అదీ నిజమేననుకోండి. కానీ నిజానికి కాలమ్ ఏదండీ?"

ఇంట్లో భార్య తబితదీ ఇదే పాట. పొద్దున బయల్దేరుతుంటే క్యారేజీ చేతికిస్తూ అననే అంది: "ఆ ఒక్క ముక్కా మీరూ రాసి పారెయ్యకూడదా? ప్రమోషనుకి కూడా పనికొస్తుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" బస్సులో దారి పొడుగునా ఆ ఉలిపికట్టె చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. రాయడం ఎంతసేపు? రాసిన చేత్తోనే రేపు సురేంద్ర ఇంటికి ఎలా వెళ్ళడం?

ఓపిక నశించింది. లేచి బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. కాఫీ ఒలికింది. బేబీ పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది.

"పిల్ల వదిలే రోజు నెత్తి మీదికొచ్చేసిందండీ! ఆ సురేంద్ర చెరువు పోతే మీరు జవాబు చెప్తారా? మీ కమిటీ చెప్తుందా? పెళ్ళిలో పప్పన్నం తింటున్న ఆయన చెప్తారా? ఎన్నిసార్లు తిరిగాను మీ చుట్టూ! నేను అడుగుతున్నది ఒక్క సంతకం. ఆస్తులు రాసిమ్మనడం లేదే!"

రాజరత్నానికి కోపం రాలేదు. పాత పేపరుతో బల్ల తుడిచాడు. శాంతికుమార్‌ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. ఆ తరవాత నిజంగా జాలిపడుతూనే అన్నాడు:

"మాస్టారూ, గ్రాంటు ఇమ్మన్నవాడికి ఇవ్వకుండా తిప్పడానికైతే మా దగ్గర బోలెడు రూల్సున్నాయి గానీ, తీసుకుని ఏడాది తిరక్కుండానే 'నా మందు రొయ్యల్ని చంపేస్తోంది, ప్రాజెక్టు ఆపించి మిగతా డబ్బు వెనక్కి తీసుకోండి బాబూ' అని వచ్చినవాడికి ఒక్క రూలూ లేదండి."