నున్నగా తెగిన తీగ

కారు అద్దం దిగలేదు. అందుకని కాంట్రాక్టరు తలుపే తెరిచి తిట్టాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా? కారొస్తుంటే చీపురు పక్కకి తియ్యాలని తెలీదూ?"

మెకానిక్ షెడ్డు ముందు ఊడుస్తున్న మనిషి బెదిరి గోడకి అంటుకుపోయింది. కారింకా ఆగనే లేదు. తెరిచిన తలుపు పోయి నీళ్ళ పీపాకి రాసుకుని, ఇంత పొడుగు గీత పడింది. మెకానిక్ ఆ గీత చూసి, చూడనట్టు చేతులు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి కార్లు విప్పుతున్నవాడు. కారు వచ్చి ఆగిన తీరు చూస్తే లోపల ఎలాంటివాడున్నాడో చెప్పగలడు.

"ఏమయ్యా, వెనక ఎడమవైపు అద్దం. ఆర్నెల్లలో ఇది మూడోసారి. మోటారు పోయింది, కొత్తది పెట్టు."

"చూసి చెప్తాను సార్."

"చూసేదేముంది? రెండుసార్లూ మోటారే మార్చారు."

వెనక సీట్లో కుడివైపున కాంట్రాక్టరు తల్లి ఊలు అల్లుకుంటోంది. శుక్రవారం శుక్రవారం ఆవిణ్ణి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, కొడుకు దారిలో తన పనులన్నీ చక్కబెట్టుకుంటాడు. అంతసేపూ ఆవిడ కార్లోనే కూర్చుంటుంది.

"మోటారు మంచిదేరా. తీగే తెగుంటుంది," అంది తల ఎత్తకుండా.

"నీకేం తెలుసమ్మా? ఆ కుట్లేవో లెక్కపెట్టుకో." కాంట్రాక్టరు గడ్డంతో డ్రైవరుని చూపించాడు. "నా అనుమానమంతా వీడి మీదే. వీడి నిర్వాకమని తేలిందా, ఇవాళే ఉద్యోగం ఊడినట్టు. మా ఇంటి గ్యారేజీ మీద ఇచ్చిన గదీ ఖాళీ. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోతాడో పోనీ."

డ్రైవరు దిగి డిక్కీ తెరిచి పెట్టాడు.

"వాణ్ణి పంపేస్తే డాక్టరు దగ్గరికి నన్ను నువ్వు మోసుకెళ్తావా?" అంది ముసలావిడ. కొడుకు వినిపించుకోలేదు. ఫోను చెవికి ఆనించి, అవతలివాణ్ణి గాడిదని చేస్తూ గేటు దాకా నడిచాడు.

మెకానిక్ స్విచ్చి నొక్కాడు. చప్పుడు లేదు. ముందు సీటు దగ్గరున్న స్విచ్చి నొక్కినా అంతే. మిగతా మూడద్దాలూ చక్కగా దిగుతున్నాయి. తలుపు లోపలి అట్ట విప్పి, మోటారుకి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటిచ్చాడు. అది గుర్రుమంటూ అద్దాన్ని దించి, మళ్ళీ ఎక్కించింది. మోటారు బంగారంలా ఉంది. దాని దాకా కరెంటే రావడం లేదు.

తలుపుకీ కారు ఒంటికీ మధ్య తీగలు దూరే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి చూశాడు. తీగ తెగి ఉంది. అరిగి తెగితే రాగి పోచలు పోచలుగా చీలుతుంది. ఇది నున్నగా తెగింది. పక్కనే టేపు చుట్టిన పాత అతుకులు రెండు. అంటే ఇంతకుముందు బాగుచేసిన మహానుభావుడు రెండుసార్లూ తీగ అతికి, మోటారు మార్చానని చెప్పాడన్నమాట.

మూడుసార్లు, ఒకే చోట. ఇది లోపం కాదు, ఎవరో చేసిన పని. మెకానిక్ డిక్కీలోకి చూశాడు. డ్రైవరు పనిముట్ల డబ్బాలో పైనే తీగలు కోసే కటింగ్ ప్లేయరు తళతళలాడుతోంది.

"తమ్ముడూ, అద్దం దిగనప్పుడు ఎలా ఉంటుంది మీ అయ్యగారితో?"

డ్రైవరు మొహం విప్పారింది. "హాయిగా ఉంటుందన్నా! అద్దం దిగిందంటే బండి తోసుకునేవాడు, గేటు తీసేవాడు, రోడ్డు దాటే ముసలాయన, ఎవర్నీ వదలడు. సిగ్గుతో చచ్చిపోతాను. పెద్దమ్మగారైతే తల దించుకుని, అల్లిందంతా మళ్ళీ విప్పుకుంటారు. అద్దం ఆగిపోతే తిట్లన్నీ నాకే. నాకలవాటేగా."

మెకానిక్‌కి ఇంక ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేదు. లోపం ఎక్కడుందో పట్టడంలో తనకి ఏనాడూ గురి తప్పలేదు.

కాంట్రాక్టరు తిరిగొచ్చాడు. "ఏం తేలింది? వీడేనా?"

మెకానిక్ కాంట్రాక్టరుని మెరిసే బూట్ల నుంచి రంగేసిన జుట్టు దాకా ఒకసారి చూశాడు. నిజం చెప్పించుకోవడానికి కూడా ఒక మొహం ఉండాలి.

"ఎలుక సార్."

"నా ఇంట్లో ఎలుకా? తుడవడానికి ముగ్గురు మనుషులున్నారు నాకు!"

"గొప్పింటి తీగలు రుచిగా ఉంటాయేమో సార్."

"ఎలుకేరా," అంది ముసలావిడ. "నేనూ చూశాను. ఇంత లావుంది."

తల్లే చూశానన్నాక కాంట్రాక్టరు ఆ ఎలుకనే నాలుగు తిట్టి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు.

మెకానిక్ తీగ అతికి, టేపు చుట్టి, రబ్బరు సర్ది, అట్ట బిగించాడు. స్విచ్చి నొక్కితే అద్దం జారినట్టు దిగింది. అప్పుడు డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈసారి నమిలినట్టు కత్తిరించు తమ్ముడూ. ఇంత నున్నగా ఏ ఎలుకా కొరకదు. ఇంకొకడైతే పట్టేస్తాడు."

"ఏం కత్తిరించడమన్నా?"

'ఏం నటిస్తున్నాడు!' అని లోలోపల మెచ్చుకున్నాడు మెకానిక్. డ్రైవరు బుర్ర గోక్కుంటూ వెళ్ళి ఇంజను స్టార్ట్ చేశాడు.

కుళాయి దగ్గర మళ్ళీ కేకలు. ఊడ్చే మనిషి బకెట్టు అడ్డొచ్చిందట. ముసలావిడ తల దించుకుంది. సగం అల్లిన వరసని విప్పేసింది. తర్వాత మెకానిక్‌ని దగ్గరికి రమ్మని సైగ చేసి, ఊలు సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తడుముకుంటూ, గొంతు తగ్గించి అడిగింది.

"నమిలినట్టు కత్తిరించడం ఎలా నాయనా?"