కోదాడ వాళ్లు అడిగిన మనిషి

సీజన్ సగంలో, సూర్యాపేట బాస్కెట్‌బాల్ టీమ్ కెప్టెన్ శశిధర్‌ను కోదాడ టీమ్ తీసుకుంటోందని పుకారు లేచింది. "పోనియ్యుండ్రి, పీడ వదుల్తది" అని అభిమానుల వాట్సాప్ గ్రూపులో రాశారు.

శనివారం మ్యాచ్‌కు కోదాడ మేనేజర్ రానే వచ్చాడు. తల దువ్వుకుని ఎదురెళ్లిన శశిధర్‌ను దాటుకుని, గ్యాలరీలో కూర్చున్న దుర్గమ్మ దగ్గరికి వెళ్లాడు. పెన్‌పహాడ్ నుంచి ప్రతి మ్యాచ్‌కూ వచ్చి, రెండు టీముల్నీ తిట్టిపోసే మనిషి ఆమె.

"మీ తిట్లకు మా వాళ్ల చేతుల్లో బంతి నిలవట్లేదండి. ఇకనుంచి మా వైపు కూర్చుంటారా?"

"వస్త గని, గీ శశిధర్‌ను గూడ తీస్కపోవాలె. వీన్ని తిట్టకుంటె నాకు మ్యాచ్ సూసినట్టే ఉండదు."

మేనేజర్ శశిధర్‌ను ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. శశిధర్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ సీజన్‌లో తనను కావాలని అడిగింది ఆమె ఒక్కతే.